రేడియం గడియారం, నల్ల కారు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పది నిమిషాలు ఇచ్చారు. "ఇంజనీరువి కదా, టెక్నాలజీ గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. టెక్నాలజీ గురించే చెబుతాను. కాకపోతే అది ఒక బొమ్మ కారు కథ. దీన్ని చెప్పడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

1985లో నేను తొమ్మిదో తరగతి. ఆ ఎండాకాలం సెలవుల్లో అమెరికా నుంచి మా మేనమామ వచ్చారు. అందరికీ చాక్లెట్లు, సెంటు సీసాలు తెచ్చారు. నాకు మాత్రం ఒక అట్టపెట్టె ఇచ్చారు. దాని మీద నల్లటి కారు బొమ్మ. "నైట్ రైడర్" అనే టీవీ సీరియల్‌లో మాట్లాడే కారు అది. ఎంపీసీ అనే కంపెనీ తయారు చేసిన కిట్టు. అసలు కారులో ఇరవై అయిదో వంతు సైజు. విప్పితే లోపల కారు లేదు. ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని చిన్న చిన్న ముక్కలు, ఒక కాగితం ఉన్నాయి. ఆ ముక్కలు తెంపి, అరగదీసి, అతికించి కారు మనమే చేసుకోవాలి.

ఆ సీరియల్ 1982లో అమెరికాలో మొదలైంది. మేము చూసింది మాత్రం వెస్ట్ మారేడ్‌పల్లిలో వీసీఆర్ ఉన్న ఒక క్లాస్‌మేట్ ఇంట్లో, గీతలు పడ్డ క్యాసెట్‌లో. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. "నైట్" అంటే రాత్రి అనుకున్నాం. అది యోధుడు అనే అర్థమిచ్చే వేరే మాటని చాలా ఏళ్లకు తెలిసింది. రాత్రి కారు కాబట్టి మన కారు చీకట్లో వెలగాలని తీర్మానించుకున్నాం. మా ప్రాజెక్టు మొత్తం ఆ పొరపాటు మీద నిలబడింది!

మేము అంటే ఇద్దరం. నేను, నా బెంచీ మిత్రుడు. అతను ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను.

మొదటి చిక్కు జిగురు. కిట్టులో జిగురు ఇవ్వరు. ఫెవికాల్ పెడితే ఆరాక ముక్కలు ఊడిపోయాయి. ఆ ప్లాస్టిక్ పాలిస్టైరీన్. దాన్ని అతికించాలంటే రెండు అంచులూ కొంచెం కరగాలి. ఈ సంగతి మా సైన్సు సార్ చెప్పారు. మిత్రుడు రాణిగంజ్ వెళ్లి పెయింట్ షాపులో థిన్నర్ సీసా తెచ్చాడు. అతికింది. ఒక చోట ఎక్కువ పూసి కుడి వైపు తలుపు అంచు నేను కరిగించాను. వాడు బ్లేడుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్ది సరిచేశాడు. వాడి చేతిలో పనితనం ఉండేది. నా చేతిలో కిట్టు ఉండేది.

రెండో చిక్కు వెలుగు. 1969లోనే అమెరికాలో ఆరోరా కంపెనీ చీకట్లో వెలిగే ముక్కలతో దెయ్యాల బొమ్మల కిట్లు అమ్మింది. ఆ సంగతి మాకేం తెలుసు? మాకు తెలిసిందల్లా మా తాతయ్య అలారం గడియారం. దాని అంకెలు ఒకప్పుడు రాత్రంతా పచ్చగా వెలిగేవట. ఇప్పుడు వెలగడం లేదు. ఆ రంగు గీకి, వార్నిష్‌లో కలిపి పూస్తే మళ్లీ వెలుగుతుందని నా ఐడియా. ఇంట్లో చెప్పకుండా గడియారం బడికి తెచ్చాను. మధ్యాహ్నం లంచ్ బెల్లులో ల్యాబులో కూర్చుని బ్లేడుతో గీకడం మొదలుపెట్టాం.

సార్ వచ్చారు. ఆయన అరవడం మేము అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగించారు. బల్లను తడిగుడ్డతో ఆయనే తుడిచారు. గడియారం, బ్లేడు, ఆ గుడ్డ అన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి డబ్బాలో పెట్టి తాళం వేశారు. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి అడిగారు. "అంకెలు వెలగడం ఆగిపోయింది కదా అని, అందులో రేడియం కూడా ఆగిపోయిందనుకున్నారా?"

ఆ రోజు విన్న పాఠం ఇప్పటికీ గుర్తుంది. పాత గడియారాల రంగులో రెండు పదార్థాలు ఉంటాయి. ఒకటి రేడియం, రెండోది జింక్ సల్ఫైడ్. రేడియం నుంచి వచ్చే కిరణాలు తగిలి జింక్ సల్ఫైడ్ వెలుగుతుంది. ఆ దెబ్బలు తిని తిని కొన్నేళ్లకు జింక్ సల్ఫైడ్ పాడైపోతుంది, వెలుగు పోతుంది. రేడియం మాత్రం అలాగే ఉంటుంది. అది సగానికి తగ్గడానికే 1600 సంవత్సరాలు పడుతుంది. అంటే ఆరిపోయిన గడియారం చల్లారిన పొయ్యి కాదు, నివురు కప్పిన నిప్పు. గీకితే లేచే ధూళి ఊపిరితో లోపలికి పోయి ఎముకల్లో చేరుతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి అమెరికాలోని న్యూజెర్సీలో ఈ రంగు పూసే ఆడపిల్లలకు, కుంచె మొన సన్నగా రావాలంటే పెదాలతో తడపమని నేర్పారు. వాళ్లలో ఎందరో దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు. ఆ పిల్లలకు మాకంటే ఎన్నో ఏళ్లు ఎక్కువ లేవని కూడా సార్ చెప్పారు.

విషయం హెడ్‌మాస్టర్ గారి దాకా వెళ్లింది. "గడియారం ఎవరు తెచ్చారు?" అని అడిగారు. నేను నోరు తెరవలేదు. నాన్నకు తెలిస్తే ఏమవుతుందో అన్న భయం. మిత్రుడు చెయ్యెత్తాడు. "నేనే తెచ్చిన సార్" అన్నాడు. బయటికొచ్చాక నాతో అన్నాడు: "అరే, మీ నాయిన సంగతి నాకు తెల్వదా? నిన్ను బతకనిస్తడా? ఊకో."

ఆ ఏడు సైన్సు ఎగ్జిబిషన్‌లో వాడు పాల్గొనకూడదని శిక్ష వేశారు.

రంగు ఆలోచన పోయింది కాబట్టి, టీవీలో ఆ కారు ముందు అటూ ఇటూ పరిగెత్తే ఎర్ర దీపాన్నయినా పెడదామనుకున్నాం. కోఠీ గుజరాతీ గల్లీకి బస్సులో వెళ్లి ఒక 555 టైమరు, ఒక 4017 చిప్పు, ఆరు ఎర్ర ఎల్ఈడీలు, కొన్ని డయోడ్లు కొన్నాం. 555 టిక్కు టిక్కుమని తాళం వేస్తుంది. 4017 ఒక్కో తాళానికి ఒక్కో కాలు మారుతూ పది కాళ్ల మీద నడుస్తుంది. ఆరు దీపాలు అటు వెళ్లడానికి ఆరు అడుగులు, చివరి దీపాలు రెండూ వదిలేసి వెనక్కి రావడానికి నాలుగు అడుగులు. మొత్తం పది, సరిగ్గా సరిపోయాయి. ఆ లెక్క కుదిరిన రాత్రే నేను ఇంజనీరునవుతానని నాకు తెలిసింది. కానీ సోల్డరింగ్ చేసింది నేను కాదు. ఎగ్జిబిషన్‌లో అడుగుపెట్టకూడదని శిక్షపడ్డ వాడు, వాళ్లింట్లో రాత్రి పదకొండు దాకా కూర్చుని చేశాడు.

నాకు రెండో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్ మీద ఒక్క పేరే ఉంది, నాది. చప్పట్లు కొడుతుంటే తీసుకున్నాను.

గడియారం వెనక మూత మీద మా తాతయ్య పేరు చెక్కి ఉంటుంది. అంటే సార్‌కు మొదటి రోజునుంచీ తెలుసు. ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనే వచ్చి చెబుతానని ఎదురుచూశారని ఇప్పుడు అనిపిస్తుంది. పదో తరగతి అయిపోయింది, చెప్పలేదు. ఇంజనీరింగ్ అయింది, ఉద్యోగం వచ్చింది, చెప్పలేదు. ఇప్పుడు సార్ లేరు.

ఈ మధ్య పాత హాబీ మళ్లీ పట్టుకుంది. బొమ్మ కార్ల పిచ్చి పిల్లలదే అనుకోకండి. మన ఊళ్లోనే బహదూర్‌పురాలో సుధాకర్ గారు వంకాయ, క్రికెట్ బ్యాటు, బూటు ఆకారాల్లో నిజంగా నడిచే కార్లు చేసి మ్యూజియమే పెట్టారు. నేను అంత దూరం వెళ్లలేదు, అదే కారు కిట్టు మళ్లీ కొన్నాను. ఈసారి దాన్ని చీకట్లో వెలిగించాను, రేడియం లేకుండా. 1990లలో జపాన్‌లో నెమోటో అనే కంపెనీ స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పదార్థంతో కొత్త రకం పొడి తెచ్చింది. దానిలో కిరణాలు వెలువరించేదేమీ లేదు. కాసేపు ఎండలో పెడితే వెలుగు దాచుకుని, చీకట్లో గంటల తరబడి మెల్లగా వదులుతుంది. మీ పిల్లలతో చేయాలనుకునేవాళ్లకు మూడు మాటలు: కింద తెల్లరంగు పూయండి, నలుపు మీద వెలుగు మింగుడుపడిపోతుంది. పొడిని మెత్తగా నూరకండి, రేణువు చిన్నదైతే వెలుగు తగ్గుతుంది. ముక్కుకు మాస్కు పెట్టుకోండి. బండ్ల వెనక అంటించే స్టిక్కర్లను మనం ఇంకా రేడియం స్టిక్కర్లనే అంటాం. వాటిలో రేడియం లేదు. హెడ్‌లైటు పడితే ఆ వెలుగునే తిప్పి పంపుతాయి. పేరు మాత్రం మిగిలింది.

ఈ ప్రసంగం రాసుకున్నాక మిత్రుడికి ఫోన్ చేశాను. ఇప్పుడు వాడిది ఆటో ఎలక్ట్రికల్ షాపు. నిజం కార్లకు దీపాలు వెలిగిస్తాడు. సభలో అంతా చెప్పేస్తానన్నాను. "అరే, గదంతా నాకు యాదికే లేదు, ఇడ్సిపెట్టు" అన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "రెండో బహుమతే కదా అచ్చింది?"

యాదికే లేదట!

హెడ్‌మాస్టర్ గారు నలభై ఏళ్ల కింద అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతున్నాను. గడియారం తెచ్చింది నేను. కారులో దీపం వెలిగించింది వాడు. ఆ సర్టిఫికెట్ నా దగ్గర ఇంకా ఉంది. దాని మీద వాడి పేరు నా చేత్తో రాసి తెచ్చాను. చెల్లుతుందో లేదో సంఘం వారు నిర్ణయించాలి.

ఒక్క నిమిషం హాల్లో లైట్లు ఆపమని కోరుతున్నాను. బల్ల మీద కారు ఉంది. పొద్దుటినుంచి కిటికీ దగ్గర ఎండలో పెట్టాను. ముందు ఎర్ర దీపాలు మాత్రం ఇంకా పెట్టలేదు. ఆ సోల్డరింగ్ ఎవరు చేయాలో మీకు తెలుసు.