ఏ ఎడిషన్‌తో మొదలుపెట్టాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం బడి లైబ్రరీకి ఆటల అలమర ఒకటి ఇవ్వాలనుకుంటున్నది. మా బ్యాచ్ వాళ్లం సెలవుల్లో కలిసినప్పుడు దెయ్యాల కథల ఆట ఒకటి ఆడుతామని మీలో చాలామందికి తెలుసు. ఆ ఆట కూడా అలమరలో ఉండాలని కొందరన్నారు. దానికి ఏడు ఎడిషన్లున్నాయట, ఏది కొనాలని మరికొందరు అడిగారు. దానికి జవాబు చెప్పమనే నన్ను ఇక్కడ నిలబెట్టారు.

ముందు ఆట సంగతి. పేరు 'కాల్ ఆఫ్ క్తూలు'. ఆ పేరు నోరు తిరగక మేం 'కాల్ ఆఫ్ కతలు' అంటాం. దీనికి బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒకరు కథ చెబుతారు, ఆయనను కీపర్ అంటారు. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక పాత్ర. బడిపంతులు, డాక్టరు, విలేకరి వంటి మామూలు మనుషులు. పాడుబడ్డ ఇంట్లో ఏం జరిగిందో తెలుసుకోవాలి. "తలుపు తీస్తావా?" అని కీపర్ అడుగుతాడు. తీస్తే చప్పుడు కాకుండా తీయగలిగావా లేదా అన్నది పాచికలు చెబుతాయి. ఒంటి బలానికి అంకె ఉన్నట్టే మనసు నిబ్బరానికీ ఒక అంకె ఉంటుంది. చూడరానిది చూస్తే అది తగ్గుతుంది. ఇందులో సినిమా హీరోలు ఉండరు. చాలాసార్లు పారిపోవడమే గెలుపు.

శక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. కరెంటు పోయిన రాత్రి అరుగు మీద కూర్చుని, చెరుకు బండ్ల బారు వెనక కొరివి దెయ్యం నడిచొచ్చిందని ఒకడు మొదలుపెడితే, "నువ్వైతే ఏం చేస్తవురా?" అని ఇంకొకడు అడిగేవాడు. మేం పాచికలు లేకుండానే ఆడినం.

ఇప్పుడు ఎడిషన్ల సంగతి. గురువులు నవ్వకపోతే ఒక పాత ముచ్చట చెబుతాను. జూన్ వచ్చిందంటే మనలో సగంమందికి పై తరగతి వాళ్ల పుస్తకాలే సగం రేటుకు దొరికేవి. సిలబస్ మారిన ఏడు మాత్రం తిప్పలే. సారు "నలభై రెండో పేజీ తీయండి" అంటే, కొందరికి పాఠం వచ్చేది, కొందరికి అభ్యాసం వచ్చేది, నాకు పై తరగతి అన్న గీసిన మీసాల బొమ్మ వచ్చేది. రెండు రోజులు చూసి సారు పేజీ నంబరు చెప్పడం మానేశారు. పాఠం పేరు చెప్పేవారు. కొత్త పుస్తకం కొనలేనివాడు కూడా ఆ రోజు నుంచి తలెత్తుకుని కూర్చున్నాడు.

ఆ తెలివి నాకు నలభై ఏళ్లు దాటాక అక్కరకు రావాల్సింది, రాలేదు.

1937లో మొదలైన మన షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మా అయిదుగురిలో ఒకడు అప్పుడే గల్ఫ్ వెళ్లాడు. కొన్నేళ్లకు దసరా సెలవు మీద వచ్చాడు. జమ్మి ఇచ్చిపుచ్చుకున్న మర్నాడు నిజామాబాదులో ఒకరింట్లో కలిశాం. వాడికి ఈ ఆట ఆడించాలని మా ఉబలాటం. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆరో ఎడిషన్ ఉంది. ఇంకో మిత్రుడు ఏడోది తెచ్చాడు. నా పుస్తకంలో బలం 12 అంటే, వాడి పుస్తకంలో 60. నేను పట్టిక చూడాలంటాను, పట్టికే లేదంటాడు వాడు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఇదే వాదన. గల్ఫ్ నుంచి వచ్చినవాడు చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "మీ పుస్తకాల పంచాయితీ తెగినంక పిలువుండ్రిరా" అని లేచిపోయాడు. ఆ వారంలోనే విమానం ఎక్కాడు. మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టింది.

అందుకే చెబుతున్నాను. ఈ ఆటను అమెరికాలోని కేయోసియం కంపెనీ 1981లో తెచ్చింది. రాసినది శాండీ పీటర్సన్. మూలం లవ్‌క్రాఫ్ట్ అనే రచయిత 1928లో అచ్చయిన కథ. ఆయన రాతల్లో వేరే జాతుల వాళ్లంటే చులకన కనిపిస్తుంది. దాన్ని మనం మన బల్ల దగ్గరికి రానివ్వనక్కర లేదు. మొదటి ఎడిషన్ నుంచి ఆరో దాకా లెక్కలు దాదాపు ఒకటే. పెద్ద మార్పు 2014 నాటి ఏడో ఎడిషన్‌లో వచ్చింది. దాన్ని తీర్చిదిద్దినవారు పాల్ ఫ్రికర్, మైక్ మేసన్.

ఏం మారింది? పాత ఎడిషన్లలో బలం, తెలివి వంటివి సాధారణంగా 18కి లోబడిన అంకెలు. నైపుణ్యాలేమో నూటికి ఇంత అని ఉండేవి. ఏడోదాంట్లో అన్నీ నూటికి లెక్కే. పని కష్టమైతే ఆ అంకెలో సగం, మరీ కష్టమైతే అయిదో వంతు లోపల పాచికలు పడాలి. ఆ అంకెలు కాగితం మీద ముందే రాసుకుంటాం కాబట్టి పట్టిక వెతకనక్కర లేదు. ఇంకొకటి నాకు బాగా నచ్చింది. ఓడిపోయిన పనిని ఇంకోసారి ప్రయత్నించవచ్చు. కానీ రెండోసారీ ఓడితే మొదటిదానికన్నా పెద్ద కీడు జరుగుతుంది. తాళం రాలేదు, మళ్లీ తిప్పుతావా? తిప్పితే లోపలున్నది వినవచ్చు. భయం అక్కడే పుడుతుంది.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మాట ఏడో ఎడిషన్. కానీ 400 పేజీలు దాటిన కీపర్ పుస్తకంతో మొదలుపెట్టకండి. కంపెనీ వాళ్లు క్విక్ స్టార్ట్ అని చిన్న పుస్తకం ఉచితంగా ఇస్తున్నారు. అందులో 'ది హాంటింగ్' అనే కథ ఉంది. 1981 పెట్టెలో ఉన్న పాడుబడ్డ ఇంటి కథే అది. ఒక్క సాయంత్రానికి అది చాలు. నచ్చితే స్టార్టర్ సెట్ కొనండి. అందులో మొదటిది ఒక్కరే చదువుతూ ఆడుకునే కథ. నియమాలు ఆడుతుంటేనే వస్తాయి. పాచికలు, తయారుగా ఉన్న పాత్రలు పెట్టెలోనే ఉంటాయి. పెద్ద పుస్తకం ఆ తరువాతి మాట.

పాత ఎడిషన్ ఉన్నవాళ్లు దాన్ని పారేయవద్దు. అందులోని కథలన్నీ పనికొస్తాయి. బలం వంటి అంకెలను అయిదుతో హెచ్చవేస్తే కొత్తదానికి సరిపోతాయి. 12 కి 60, అంతే. మేం నాలుగు గంటలు కొట్లాడింది ఈ ఒక్క ఎక్కం గురించి! అందరి దగ్గరా పాతదే ఉంటే పాతదే ఆడండి. ఒక బల్లకు ఒక ఎడిషన్, అది కూడా కూర్చోకముందే అనుకోవాలి.

గురువులకు ఒక మనవి. ఇది పదో తరగతి దాటిన పిల్లలకే ఇవ్వండి. ఎవరికి ఏ భయం పడదో ముందే అడగాలి. ఎవరైనా చాలు అంటే అక్కడికి ఆపేయాలి. ఊరు కూడా అమెరికాది కానక్కర లేదు. ఈ ఆట కథలు ఎక్కువగా 1920ల నాటివి. మన నిజాంసాగర్ కట్టింది 1923 నుంచి 1931 దాకా. అలీ నవాజ్ జంగ్ గారి కాలంలో మంజీర ఒడ్డున ఇంజనీర్ల గుడారం, నీళ్లలో మునగబోయే ఊరు, ఖాళీ అయిన ఇంట్లో రాత్రి వెలిగే దీపం. ఇంతకన్నా మంచి కథాస్థలం ఏముంటుంది?

రెండేళ్ల తరువాత మా మిత్రుడు మళ్లీ వచ్చాడని చెప్పాను కదా. ఈసారి ఆ ఉచిత పుస్తకం ప్రింటు తీసి, పాత్రలు ముందే రాసి పెట్టాం. వాడు కూర్చున్న పది నిమిషాలకే పాడుబడ్డ ఇంటి గుమ్మంలో ఉన్నాడు. రాత్రి ఒంటిగంటకు నేలమాళిగ మెట్ల మీద ఆగి, మా ముఖాలు చూసి, "అరే, లైటు వెయ్యుండ్రిరా" అన్నాడు. అందరం నవ్వాం. లైటు మాత్రం వేశాం.

అలమరకు స్టార్టర్ సెట్ ఒకటి నా తరఫున ఇస్తున్నాను. మొదటి ఆదివారం కీపర్‌గా నేనే కూర్చుంటాను. పేజీ నంబరు చెప్పను, పాఠం పేరే చెబుతాను. సెలవు.