రెండు తరముల గణకయంత్రములు – మన తుపాను వార్త

బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినదని రేడియోలో వినవచ్చినంతనే భావనపాడు తీరమున పడవలు ఒడ్డునకెక్కును. ఉద్దానపు రైతు కొబ్బరితోట వంక చూచి నిట్టూర్చును. ఆ వార్తవెనుక నేడు పరిశీలకుని కన్నేగాక, గణకయంత్రపు లెక్కయు కలదు. యంత్రములో ఆ లెక్క చేయు అంగమునకే ప్రాసెసరని పేరు. భిన్నతరములకు చెందిన రెండు ప్రాసెసర్లను ప్రక్కప్రక్కన నిలిపి, వాని శక్తిలో గల భేదమెంతయో, ఆ భేదము మన తీరమునకు ఏపాటి అక్కరకు వచ్చినదో విచారింతము.

మొదటిది క్రే ఎక్స్-ఎంపీ 14. వాతావరణ గణితముకొరకు 1980వ దశకము చివర అమెరికానుండి ఢిల్లీకి వచ్చిన యంత్రమిది. పేరులోని ఒకటి ప్రాసెసర్ల సంఖ్య. నాలుగు, దాని జ్ఞాపకశాలలో ఇమిడెడు నలుబది లక్షల సంఖ్యలకు గుర్తు. రెండవది 2018 జనవరిలో నోయిడాలో ప్రారంభమైన ‘మిహిర్’ లోని ఇంటెల్ జియాన్ ప్రాసెసరు. ఇది అరచేతిలో ఇమిడెడు పలక. అయినను అందులో పదునెనిమిది గణనకేంద్రములున్నవి. వీనిని కోరులందురు.

వీని సామర్థ్యమును పోల్చుటకు పలాసలోని జీడిపప్పు కార్ఖానాను తలచుకొన్న చాలును. అచట పని ఎంత సాగునన్నది మూడు సంగతులపై నిలుచును: చేయి ఎంత త్వరగా ఆడును? ఒక్కొక్క దెబ్బకు ఎన్ని పిక్కలు పగులును? పనివారెందరు? ప్రాసెసరుకును ఈ మూడే కొలతలు.

చేతి వేగమును గడియారపు స్పందనలతో కొలుతురు. ఎక్స్-ఎంపీ వంశము 1982లో వెలువడినపుడు దాని స్పందనలు సెకనుకు సుమారు 10.5 కోట్లు, జియానుకు 210 కోట్లు. ముప్పదియారేండ్లలో పెరిగినది ఇరువది రెట్లే! కాని ఒక్క స్పందనలో పాతది రెండు లెక్కలు చేయగా, క్రొత్తదానిలో ఒక్కొక్క కోరు పదునారు చేయగలదు. ఇది ఎనిమిది రెట్లు. ఆపైన కోరులు పదునెనిమిది. ఇరువదిని ఎనిమిదితోను, ఆ వచ్చినదానిని పదునెనిమిదితోను గుణించినచో 2,880 వచ్చును. అనగా పాత ప్రాసెసరు సెకనుకు 21 కోట్ల లెక్కలు చేయగా, క్రొత్తది 60,480 కోట్లు చేయగలదు.

ఇది కాగితముపై లెక్క. పనివారెందరున్నను పిక్కల బస్తాలు వేళకు అందకున్న చేతులు ముడుచుకొని కూర్చుందురు గదా! పాత క్రే వంశమున జ్ఞాపకశాలనుండి సంఖ్యలు వచ్చు వేగము, గణనవేగమునకు ఇంచుమించు సరితూగెడిది. నేటి ప్రాసెసరో, సంఖ్యలకై తరచు ఎదురు చూచును. వాతావరణ గణితమునకు సంఖ్యల రాకపోకలు మిక్కుటము. కనుక దాని పూర్తిశక్తిలో కొంత భాగము మాత్రమే అక్కరకు వచ్చును. కేవలము గడియారపు వేగము చూచి యంత్రమును మెచ్చుట ఎట్లు పొరపాటో, 2,880 అను సంఖ్యను చూచి మురియుటయు అట్టిదే.

ఇక ప్రయోజనము మాట. వాతావరణ గణితమున భూమినంతను గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో గాలి, తేమ, పీడనము లెక్కింతురు. 1990వ దశకములో ఆ గడి వెడల్పు సుమారు 150 కిలోమీటర్లు. కళింగపట్నము, భావనపాడు, గోపాలపురము మూడును ఒకే గడిలో ఇముడవచ్చును. అట్టి లెక్క తుపాను రాకను సూచించునేగాని, అది ఏ ఊరి ముంగిట వాలునో చెప్పజాలదు. 2018 నాటికి గడి 12 కిలోమీటర్లకు తగ్గినది. వెడల్పు పండ్రెండున్నర రెట్లు తగ్గినచో గళ్ల సంఖ్య నూటయేబది రెట్లకు పైబడును. చిన్న గడిలో కాలమునుగూడ చిన్న అడుగులుగానే కొలువవలెను. వెరసి పని రమారమి రెండువేల రెట్లు! ఒక్క ప్రాసెసరులో తరములు మారి వచ్చిన బలమంతయు గడిని చిన్నది చేయుటకే ఇంచుమించుగా సరిపోయినది. దానికి తోడు, ఆ ఏడు జూన్ 1 నుండి ఒకే తుపానును ఆరంభస్థితిలో స్వల్పభేదములతో ఇరువదియొక్క మార్లు లెక్కించు పద్ధతి అమలులోనికి వచ్చినది. వేలకొలది ప్రాసెసర్లను ఒక్కటిగా కూర్పవలసి వచ్చుట ఇందుచేతనే.

ఆ సంవత్సరమే అక్టోబరు 11 వేకువజామున తిత్లీ తుపాను పలాసకు చేరువనే తీరము దాటినది. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్లు. ఉపగ్రహములు, రాడారులు, ఈ గణితము కలిసి హెచ్చరికను ముందుగానే అందించినవి. అయినను ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. చెట్టునకు పరుగెత్తు కాళ్లు లేవు. అంతకంటె గమనింపదగినది వేరొకటి కలదు. తుపాను తీరము దాటిన పిమ్మట ఒడిశాలోని గజపతి జిల్లాలో వానలకు కొండచరియలు విరిగిపడి పలువురు మరణించిరి. తుపాను కేంద్రము ఎచట దాటునో చెప్పుటకంటె, ఏ కొండవాలుపై ఎంత వాన కురియునో చెప్పుట కష్టతరము. దానికి 12 కిలోమీటర్ల గడియు పెద్దదే.

ఆ దిశగా తరువాతి అడుగులు పడినవి. 2024 సెప్టెంబరులో నోయిడాకు ‘అరుణిక’, పూనాకు ‘అర్క’ వచ్చినవి. 2025 మే నెలలో గడి ఆరు కిలోమీటర్లకు దిగినది. కాని ప్రాసెసరు మనకు సంపాదించి యిచ్చునది వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో వల మడిచి పడవను కట్టుట, వృద్ధులను, పసివారిని పక్కా భవనమునకు చేర్చుట, కొండక్రింది గుడిసెను విడుచుట మనుష్యులు చేయవలసిన పనులు. యంత్రములలో తరములు మారినకొలది మనకు గంటలు దక్కుచున్నవి. ఆ గంటలు వ్యర్థము గాకుండ చూచుకొనుట మన వంతు.