అపరాధ పరిశోధన నవలలు – మన గ్రంథాలయము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రాచీన కావ్యములను గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వారి అనుమతితోనే నేను విషయమును కొంత మార్చుకొంటిని. మన గ్రంథాలయములో ఉత్తరపు గోడకు ఆనించిన పాత అలమారులో అట్టలూడి, దారములు తెగి, కొన్నిటికి చివరి పుటలు సైతము పోయి పడియున్న డిటెక్టివ్ నవలలు కలవు. క్రొత్త బీరువాలు రాగానే వానిని తూకమునకు అమ్మివేయవలెనని ఒక సూచన కార్యవర్గము ముందున్నది. ఆ సూచనను వ్రాసి యిచ్చినవాడను నేనే. దానిని మీ అందరి యెదుట ఉపసంహరించుకొనుటకై నేడు నిలిచితిని. కారణము చెప్పక వెనుకకు తీసికొనుట లెక్కలవానికి తగదు గనుక, కారణములు మనవి చేసెదను.

నా సంగతి మీ రెరుగనిది కాదు. మా తండ్రిగారు పట్వారీ దఫ్తరము మోసినవారు. ఆ పదవి 1984లో రద్దయినది గాని పేరు మాత్రము మా యింటిని విడువలేదు. నన్ను నేటికిని చాలమంది పట్వారీ యనియే పిలుతురు. నేను గ్రామములో రైతులకును వర్తకులకును లెక్కలు వ్రాసి బ్రదుకుచున్నాను. కళాశాల మెట్లెక్కిన వాడను గాను. రాత్రివేళ దీపము ముందు పెట్టుకొని, నిఘంటువు ప్రక్కనుంచుకొని, భారతమును నాకు నేనే చదువుకొంటిని. కష్టపడి సంపాదించినవానికి గర్వము కొంచెము హెచ్చు. ఆ గర్వమే నాచేత ఒక తప్పు చేయించినది.

గ్రంథాలయము పెట్టిన తొలి యేండ్లలో సాయంకాలము పుస్తకములిచ్చు పని నాదిగా ఉండెడిది. ఒకనాడు ఉర్దూ బడిలో చదివిన పిల్లవాడొకడు వచ్చి, "పట్వారీ సాబ్, ఫరీదీ కథలసొంటియి తెలుగుల ఏమన్న ఉన్నయా?" అని అడిగెను. వాని యింట తాతగారినాటి ఉర్దూ నవలలు కట్టకట్టి యుండెనట. తెలుగు అక్షరములు వచ్చును గాని చదువుట కూడబలుకుకొనుటయే. నేను అలమారు తెరచి, డిటెక్టివ్ నవలల వరుసను దాటి, విరాటపర్వపు వచనమును వాని చేతిలో పెట్టితిని. వారము తరువాత వాడు దానిని తెచ్చి, మాటలాడక బల్లమీద నుంచి వెడలిపోయెను. ఆ పిమ్మట రెండేండ్లు వాడు ఈ గడప త్రొక్కలేదు. పుస్తకము పోయినచో రిజిస్టరులో వ్రాసికొందుము. పాఠకుడు పోయిన సంగతి ఏ రిజిస్టరులోను వ్రాయలేదు.

వాడడిగిన ఫరీదీ ఎవరో నాకప్పుడు తెలియదు. తరువాత తెలిసికొంటిని. ఇబ్నే సఫీ అను పేరున వ్రాసిన అస్రార్ అహ్మద్ 1952లో అలహాబాదు నుండి 'జాసూసీ దునియా' అను మాలికను ప్రారంభించెను. అలహాబాదు 1887 నుండి విశ్వవిద్యాలయము గల పట్టణము. ఆయన ఆ యేడే కరాచీకి తరలిపోయినను, నవలలు సరిహద్దుకు రెండు వైపులను అచ్చగుచు, 1980లో ఆయన మరణించువరకు సాగినవి. ఆ మాలికలో 125 నవలలు కలవు. ఉర్దూలో అశ్లీలమైన పుస్తకములు తప్ప అమ్ముడుపోవని ఎవరో అనగా, అట్లు కాదని నిరూపించుటకే కలము పట్టినట్లు ఆయన చెప్పుకొనెను. ఇట్టి రచనను అడిగినవానిని నేను తేలికగా చూచితిని.

ఇక మన తెలుగు సంగతి. కొమ్మూరి సాంబశివరావుగారు 1926లో జన్మించి 1994లో కీర్తిశేషులైరి. 1950ల ద్వితీయార్ధము మొదలు ఆయన వ్రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఒక తరమువారి చేత నిద్ర మాని చదివించినవి. 'చావుకేక', 'లక్షాధికారి హత్య' మొదలగు పేర్లు పెద్దలకు జ్ఞాపకముండును. యుగంధర్ నివాసము మద్రాసు. ఆయనకు సహాయకుడు రాజు. పోలీసువారి పక్షమున ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు. ఈ ముగ్గురి వెంట తెలుగు పాఠకుడు మద్రాసు వీథులన్నియు తిరిగినాడు.

మద్రాసే ఏల? అది ఊరక జరిగినది కాదు. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయమునకు కోస్తా, రాయలసీమల విద్యార్థులు తరతరములుగా పోయిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడువరకు వారికి పట్టములిచ్చినది అదియే. పత్రికలు, అచ్చుకూటములు, చలనచిత్ర నిర్మాణము తెలుగువారికి అక్కడనే నెలకొనినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము వేరుపడినప్పుడు మద్రాసు నగరము అందులో చేరలేదు. అనగా యుగంధర్ కారు నడిపిన నగరము, ఆ నవలలు వెలువడునాటికే, పటములో తెలుగువారిది కాకపోయినది. చేజారిన నగరము పుటలలో మాత్రము నిలిచినది.

మన కోహీరు సంగతి వేరు. 1956 వరకు మనము హైదరాబాదు రాష్ట్రములో, బీదరు జిల్లాలో ఉంటిమి. పిదప మెదకు జిల్లాలోనికి, 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చితిమి. మన పెద్దలకు పట్నమనగా హైదరాబాదు. విశ్వవిద్యాలయమనగా 1918లో ఉర్దూ మాధ్యమముతో వెలసిన ఉస్మానియా. తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ నాలుగును చెవినిబడు ఊరు మనది. మద్రాసు చూడనివారికి మౌంటురోడ్డును, మెరీనా తీరమును పరిచయము చేసినది ఏ భూగోళ పాఠమును కాదు, ఈ నవలలే.

ఇతర దేశములలోను ఇట్లే జరిగినది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు ప్రాచీన విద్యాపీఠము గల నగరము. అక్కడ కోలిన్ డెక్స్టర్ అను నాతడు విశ్వవిద్యాలయమువారి పరీక్షల కార్యాలయములో ఉద్యోగి. వినికిడి తగ్గుటచే ఉపాధ్యాయ వృత్తిని విడిచి ఆ ఉద్యోగములో చేరెను. ఒకమారు సెలవులకు వేల్సు ప్రాంతమునకు పోగా విడువక వాన కురిసెను. తోచక చదివిన అపరాధ నవల రుచింపలేదు. తానే వ్రాయ నారంభించెను. అట్లు పుట్టిన ఇన్‌స్పెక్టరు మోర్స్ నవలలు 1975 నుండి 1999 వరకు 13 వెలువడినవి. ఈ మోర్స్ గొప్ప చదువరి, గళ్ళ నుడికట్టు ప్రియుడు. ఐనను మొదటిమారే సత్యమును పట్టుకొనడు. ఒక సిద్ధాంతము కట్టును, అది కూలిపోవును; మరియొకటి కట్టును. మొత్తము కలియని రాత్రి లెక్కలవాడు చేయునదియు ఇదియే గదా! పండితుల నగరమున హత్య జరిగినట్లు వ్రాయుటలో ఒక సత్యమున్నది. చదువు మనుష్యుని తెలివిని పెంచును గాని, ఆశను, అసూయను దానంతట అది కడుగజాలదు.

ఇట్టి కథలు విదేశములనుండి వచ్చిన చీడయని మొదట నేనును తలచితిని. ఆ పిల్లవానికి నేనిచ్చిన విరాటపర్వమునే తిరిగి చూడుడు. పాండవులను వెదుకబోయిన చారులు రిక్తహస్తములతో వచ్చి, కీచకుడు రాత్రివేళ గంధర్వులచే హతుడయ్యెనట యను వార్తను మాత్రము చెప్పిరి. అంతటి బలశాలిని చేతులతో చంపగలవారు లోకమున ఎందరు? ఆ యెందరిలో ఆ చోట ఉండదగినవాడెవడు? భీముడే యని దుర్యోధనుడు తేల్చెను. ఆనవాలునుబట్టి మనిషిని పట్టుకొనుట ఇదిగాక మరేమి?

తిక్కన సోమయాజికి దశకుమార చరిత్రమును అంకితమిచ్చిన కేతన కవి అందులో చోరుల చాతుర్యములను వర్ణించెను. ఆ కేతనయే విజ్ఞానేశ్వరుని ధర్మశాస్త్ర వ్యాఖ్యను తెలుగున పద్యములలో పెట్టెను. సాక్షులెట్టివారు, వ్యవహారమెట్లు విచారింపవలెను అను విషయములు అందున్నవి. దొంగ కథయు, సాక్ష్య విధియు ఒకే కవి చేతినుండి వచ్చినవి. ఆ విజ్ఞానేశ్వరుడు చాళుక్యుల కల్యాణమున వెలసినవాడు. ఆ కల్యాణము మనకు పడమట నున్న నేటి బసవకల్యాణమే. పొరుగువాని శాస్త్రమును గౌరవించి, ఆ శాస్త్రమును కథగా నడిపించు నవలను తూకమునకు వేయుట న్యాయమా?

దోషములు లేవని నేననను. ఈ జాతి నవలలలో తొందర వ్రాత యున్నది. ఒకే యుక్తి మాటిమాటికి వచ్చును. పేరుకే డిటెక్టివ్ నవలలై, స్త్రీని బొమ్మగాను, హింసను వేడుకగాను చూపునవి కొన్ని యున్నవి. వానిని ఏరివేయుడు, నేనడ్డు చెప్పను. ధాన్యములో రాళ్ళున్నవని గాదెనే తగులబెట్టము గదా.

ఇక ఆ పిల్లవాని సంగతి. రెండేండ్ల తరువాత, నేను జ్వరముతో పడియున్న దినములలో, నా స్థానమున కూర్చున్న మిత్రుడు వానిని పిలిచి యుగంధర్ నవల నొకదానిని ఇచ్చెను. నేను లేచి వచ్చి చూడగా, రిజిస్టరులో వాని పేరు వరుసగా ఎనిమిది చోట్ల నున్నది. వాడు భారత మడుగలేదు. మరియొక యుగంధర్ నడిగెను. ఆ పిదప మరియొకటి. ఆ యేడు అల్లము అమ్మకములైన పిమ్మట వాడు తన తండ్రి లెక్క కాగితమును పట్టుకొని నా యింటికి వచ్చెను.

"పట్వారీ సాబ్, బస్తాలు పదిహేడని రాసిన్రు. హమాలీ డెబ్బైయొక్క బస్తాలకు కోసిన్రు. ఎట్ల?"

చూచితిని. 17 వ్రాయవలసిన చోట అంకెలు తారుమారై 71 పడినది. కూలి ఆ ప్రకారము విరిగినది. తప్పు నాదే. పైకము అప్పుడే తిరిగి యిప్పించితిని. ఎట్లు కనిపెట్టితివని అడుగగా వాడు నవ్వి, "కథల రెండు మాటలు కలువకపోతె ఆడనే దొంగ ఉంటడు గద, సాబ్" అనెను. నేను దొంగను గాను. ఐనను ఆనాడు నాకు తల వంగినది. ముప్పదియేండ్లుగా నా లెక్కను ఎవరును తిరిగి చదువలేదు. చదివినవాడు, నేను చదువ నీయని పుస్తకము వలన చదువ నేర్చినవాడు. గ్రామములో ప్రతి యింట తన కాగితమును తాను చదివి, కలియని రెండు మాటలను పట్టుకొనగలవా డొక్కడున్నచో, అంతకంటె గ్రంథాలయము చేయవలసిన మేలేమున్నది?

కావున నా విన్నపములు మూడు. మొదటిది, ఆ నవలలను అమ్మక బైండు చేయింపుడు. అందుకు కావలసిన వ్యయములో నా వంతు నేడే రసీదు పుస్తకములో వ్రాయించితిని. రెండవది, పాఠక మిత్రులారా, మొదటి పుటలో హంతకుని పేరు వ్రాసిపెట్టు దురలవాటును మానుడు. ఒక నవలలో ముగ్గురు మూడు పేర్లు వ్రాసియున్నారు. మూడును తప్పే యగుట మన యదృష్టము. మూడవది, మీ యిండ్లలో, అటుకులమీద, పెట్టెల అడుగున ఈ నవలల ప్రతులున్నచో ఒక వారము ఎరువీయుడు. చివరి పుటలు పోయినవానికి నేను స్వహస్తముతో నకలు వ్రాసి అంటించెదను. నా దస్తూరి మీకందరకు తెలిసినదే. ఈసారి అంకెలు తారుమారు కాకుండ చూచుకొందును. ఐనచో పట్టుకొనువాడు ఊరిలోనే యున్నాడు.