గురిగుండు - వేటగుండు

వేటకు వెడలువాడు తన తుపాకిలో ఏ గుండు నింపవలెను? గురిపోటీలలో బహుమతులు గెలుచు గుండు వేటకు కూడ ఉత్తమమగునా? తుపాకి పట్టినవారి నడుమ ఈ ప్రశ్న చాలకాలముగా నలుగుచున్నది. గురికి అతిసూక్ష్మముగా తగులు గుండే మృగమునకును సరియైనదని కొందరు వాదింతురు. మా అభిప్రాయము ఇందుకు భిన్నము. కాగితమును కొట్టుట వేరు, ప్రాణిని కొట్టుట వేరు. ఈ భేదమును వివరించుటయే మా ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

ముందుగా ఒక మాట చెప్పవలసియున్నది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. వినోదము కొరకు మృగమును చంపుట నేరము. అయితే మనుష్యుల ప్రాణములకు ముప్పుగా పరిణమించిన జంతువు విషయమునను, పైరుపంటలను పాడుచేయు అడవిపంది వంటి జంతువుల విషయమునను, ఆ చట్టములోని 11వ సెక్షను ప్రకారము అధికారులు వ్రాతమూలకమైన అనుమతి నీయవచ్చును. రాత్రికి రాత్రి వేరుసెనగ చేను దున్నినట్లయిపోవుట కన్నులార చూచిన రైతులకు ఆ అనుమతి ఎందుకో మేము చెప్పనక్కరలేదు. అట్టి అనుమతి పొందినవారికిని, వేటకు లైసెన్సు లిచ్చు పరదేశములలో స్థిరపడిన తెలుగువారికిని ఈ విషయముతో నేరుగా ప్రసక్తి కలదు. తక్కినవారికి శికారు కథలు చదువునపుడు ఇది ఉపకరించును.

తూటా, గుండు అను మాటలను మనము వ్యవహారమున కలగలిపి వాడుచున్నాము. ఇత్తడి గొట్టము, అందులోని మందు, మందును రగుల్చు టోపీ, కొనయందలి గుండు - ఈ నాలుగింటి కూర్పు తూటా. వీనిలో తుపాకి నుండి వెడలి పోయి తగులునది గుండు మాత్రమే. నేటి రైఫిలు గుండు సాధారణముగా సీసముతో చేసినది. దానిపైన రాగి ప్రధానముగాగల లోహపు తొడుగు ఉండును. తొడుగును ఎచ్చట మూయుదురు, ఎచ్చట తెరచి యుంచుదురు, ఎచ్చట పలుచగా, ఎచ్చట మందముగా చేయుదురు - గుండ్ల స్వభావభేద మంతయు ఇందులోనే యున్నది.

గురిపోటీకి చేయు గుండు సంగతి మొదట చూతము. అది గాలిని చీల్చుకొని పోవునపుడు తొణకరాదు. రైఫిలు గొట్టములోని మరచుట్లు పది అంగుళములకు ఒక చుట్టు చొప్పున నున్నవనుకొందము. సెకనుకు 2700 అడుగుల వేగముతో వెడలిన గుండు, ఒక్క సెకనులో 3240 మారులు తిరుగు వడితో బొంగరమువలె తిరుగుచు పోవును. ఇంత వడిలో తొడుగు ఒక ప్రక్క వెంట్రుకవాసి మందమైనను గురి చెదరును. కావున గురిగుండుకు తొడుగును అత్యంత సమముగా చేయుదురు. మందు రగిలినపుడు పుట్టు ఆవిరి అడుగును అన్నివైపుల ఒక్కరీతిగా నెట్టవలెను గనుక, అడుగును చక్కగా మూసి, సీసమును ముందువైపు నుండి చొప్పించి, మొనను సన్నగా నొక్కివేయుదురు. అప్పుడు మొనయందు సూదిబెజ్జమంత రంధ్రము మిగులును. ఈ రంధ్రము తయారీవలన మిగిలినదే గాని, మాంసమున తగిలి విచ్చుకొనుటకై ఏర్పరచినది కాదు. దీనిని చూచి వేటగుండుగా భ్రమపడువారు పెక్కుమంది.

వేటగుండు నిర్మాణమే వేరు. దాని మొనయందు మెత్తని సీసము బయటికి కనబడుచుండును. లేదా వెడల్పైన గుంట యుండును. తొడుగు మొనవైపు పలుచన, అడుగువైపు దళసరి. దేహమున ప్రవేశించినంతనే అందలి తడి మాంసపు ఒత్తిడికి మొన విచ్చుకొని, గుండు పుట్టగొడుగు ఆకారమును పొందును. అడుగుభాగము మాత్రము గట్టిగా నిలిచి లోపలికి చొచ్చుకొని పోవును. విచ్చుకొనుట, చొచ్చుకొనుట అను ఈ రెండు గుణములు పరస్పర విరుద్ధములు. ఎక్కువగా విచ్చుకొన్నది లోతుకు పోదు. లోతుకు పోవునది విచ్చుకొనదు. ఈ రెంటిని పొత్తుకూర్చుటయే వేటగుండు చేయువారి విద్య. 1946లో జాన్ నాస్లర్ అను అమెరికా వేటగాడు కెనడాలో మూజ్ అను పెద్దజాతి దుప్పిని కొట్టగా, బురద గట్టిన దాని తోలుపై గుండ్లు పైపైననే చిట్లిపోయెను. ఆ అనుభవముతో ఆయన గుండు నడుమ అడ్డుగోడ నిలిపి, ముందరి సగము విచ్చుకొనునట్లు, వెనుకటి సగము చెక్కుచెదరక చొచ్చుకొని పోవునట్లు కొత్తరకము గుండును కల్పించెను. 1948లో ఆయన స్థాపించిన సంస్థ ద్వారా ఆ గుండు ప్రసిద్ధి కెక్కినది.

విచ్చుకొను గుండు చరిత్రకు మన దేశముతో సంబంధమున్నది. 1895లో చిత్రాల్ దండయాత్రలో ఆంగ్లసైన్యము వాడిన నిండుతొడుగు గుండ్లు శత్రువు దేహములోనుండి సూదివలె దూసికొని పోవుచున్నవే గాని వానిని నిలుపజాలకున్నవని ఫిర్యాదులు వచ్చెను. అంతట కలకత్తా సమీపమున డమ్‌డమ్‌లోని ఆయుధ కర్మాగారమున కెప్టెన్ బెర్టీ-క్లే అను అధికారి, మొనయందు తొడుగు లేక సీసము బయటపడిన గుండును తయారు చేయించెను. డమ్‌డమ్ గుండు అను పేరు అట్లు పుట్టినది. అది చేయు ఘోరమైన గాయమును గూర్చి లోకమున ఆందోళన చెలరేగెను. 1899లో హేగ్ నగరమున సమావేశమైన రాజ్యములు, మనుష్యదేహమున సులభముగా విచ్చుకొను గుండ్లను యుద్ధమున వాడరాదని ప్రకటించెను. మొదట అంగీకరింపని బ్రిటన్ 1907లో అంగీకరించెను.

యుద్ధమున నిషిద్ధమైన ఈ గుండునే వేటచట్టములు విధిగా వాడుమనుచున్నవి. ఇంగ్లండు, వేల్సులకు వర్తించు 1991 నాటి చట్టము ప్రకారము రైఫిలుతో దుప్పిని కొట్టువాడు మెత్తమొన గుండునో, గుంటమొన గుండునో వాడవలెను. స్కాట్లండులో 1985 నాటి ఉత్తరువు ఇంకను స్పష్టముగా, ముందుగా ఊహింపదగిన రీతిని రూపుమారునట్లు చేసిన గుండే కావలెనని శాసించినది. గుండు బరువు 100 గ్రెయిన్లకును, గొట్టము వెడలునప్పటి వేగము సెకనుకు 2450 అడుగులకును తగ్గరాదని ఆనాడు నియమించిరి. సీసము లేని గుండ్లకు వీలుగా 2023లో ఆ బరువును 80 గ్రెయిన్లకు తగ్గించిరి.

ఈ వైరుధ్యమునకు కారణమేమి? యుద్ధమున శత్రువు పోరాడలేని స్థితికి వచ్చిన చాలును. అంతకుమించిన బాధ అనావశ్యకమని లోకము తీర్మానించినది. గాయపడిన సైనికునికి వైద్యశాల కలదు. గాయపడిన మృగమునకు పొద తప్ప దిక్కులేదు. దానిని చంపదలచినవాడు క్షణములలో చంపవలెను. లేదా తుపాకి దింపవలెను. కావున యుద్ధమున ఏది క్రూరమో వేటయందు అదే కరుణయగుచున్నది. గురిగుండు ఈ రెంటిలో ఏ పక్షమున చేరునో న్యాయశాస్త్రజ్ఞులే చెప్పియున్నారు. 1990లో అమెరికా సైనికశాఖ న్యాయాధికారులు గురిగుండు మొనయందలి రంధ్రమును విచారించి, అది విచ్చుకొనుటకు ఉద్దేశింపబడినది కాదు గనుక యుద్ధమున వాడవచ్చునని అభిప్రాయమిచ్చిరి. ఏ కారణమున అది యుద్ధమునకు పనికివచ్చెనో, ఆ కారణముననే వేటకు పనికిరాదని మేమందుము.

గురిగుండు మృగమునకు తగిలినపుడు ఏమి జరుగును? ఒక్కొక్కప్పుడు మొన మూసికొనిపోయి గుండు సన్నని రంధ్రము చేసి దూసికొని పోవును. ఒక్కొక్కప్పుడు లోపల తలక్రిందులై దారితప్పును. ఒక్కొక్కప్పుడు ఎముకకు తగిలి పైననే తునియలగును. కొన్ని మారులు చక్కగా చంపును కూడ. ఏ మారు ఏమగునో చెప్పజాలకుండుటయే దాని దోషము. "మేము వాడి చూచితిమి, మృగము పడినది" అనువారు కలరు. వారి మాట అబద్ధము కాదు. కాని పడిన మృగము లెక్కకు వచ్చును; గాయముతో పారిపోయి, మూడవనాడు ఏ వాగు ప్రక్కనో చచ్చిన మృగము ఎవరి లెక్కకును రాదు. పడినవానిని మాత్రమే లెక్కించి చేసిన తీర్మానము తీర్మానము కాదు.

ఇక సూక్ష్మమైన గురి మాట. 100 గజముల దూరమున గురిగుండ్లు అంగుళపు వలయములో పడుననియు, వేటగుండ్లు అంగుళమున్నర వలయములో పడుననియు అనుకొందము. 200 గజములకు ఆ వలయములు రెండంగుళములు, మూడంగుళములు అగును. నడిబిందువు నుండి చూచిన భేదము అర అంగుళము మాత్రమే. దుప్పి రొమ్మున గుండె, ఊపిరితిత్తులు ఉండు చోటు సుమారు ఎనిమిది అంగుళముల వెడల్పు, అనగా జానకు కొంచెము తక్కువ. దానియందు అర అంగుళమునకు విలువ స్వల్పము. కొండయెక్కి వగర్చుచున్న వేటగాని చేతివణకు అంతకంటె ఎక్కువ. దశరథ మహారాజు శబ్దవేధి. ఆయన గురి ఆవగింజంతయు తప్పలేదు. అయినను దాని ఫలితము మనమెరిగినదే. గురి ఒక్కటియే చాలదు.

వేటగుండ్లన్నియు ఒక్కటి కావు. మృగమునుబట్టి గుండు మారవలెను. ఏనుగు కపాలమును భేదింపవలెనన్న విచ్చుకొను గుండు పనికిరాదు. ఆఫ్రికాలో వెయ్యికి మించి ఏనుగులను కొట్టిన డబ్ల్యు. డి. ఎం. బెల్, చిన్నబోరు రైఫిలుతో నిండుతొడుగు గుండ్లనే వాడెను. అది ఏనుగు శిరోనిర్మాణమును క్షుణ్ణముగా నెరిగి మెదడుకే కొట్టగలవాని పద్ధతి. దుప్పికి ఆ గుండు వాడినచో సూదిపోటే మిగులును. అట్లే సన్నని జంతువులకై చేసిన పలుచని గుండు అడవిపంది భుజముపై చిట్లిపోవచ్చును. ఏలయన మగపంది భుజముల మీద చర్మము డాలువలె దళసరియై యుండును.

దూరమును గూడ గమనింపవలెను. విచ్చుకొనుటకు వేగము కావలెను. పెక్కు వేటగుండ్లకు అది సెకనుకు సుమారు 1800 అడుగులు. దూరము పెరిగినకొలది వేగము తగ్గి, ఎంత మంచి వేటగుండైనను మూసికొనియే పోవును. కాబట్టి గుండు తగులు దూరము వేరు, గుండు పనిచేయు దూరము వేరు. రెండవదానినే హద్దుగా నుంచుకొనవలెను.

వేటగుండునందును ఒక లోపమున్నది. విచ్చుకొనునపుడు సీసపు నలుసులు రాలి, గాయమునకు దూరముగా గూడ మాంసములో చేరును. వేటగాండ్రు విడిచిన పేగులను తిని కాలిఫోర్నియాలోని కాండర్ అను మహాగృధ్రములు సీసపు విషముచే మరణించినవి. అందువలన ఆ రాష్ట్రమున 1 జూలై 2019 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించిరి. వానికి బదులుగా నిండురాగి గుండ్లు వచ్చినవి. రాగి సీసముకంటె తేలిక; కావున అదే బరువుకు గుండు పొడవగును. విచ్చుకొనుటకు సాధారణముగా మరికొంత వేగము నపేక్షించును. ఈ సంగతి నెరిగి వాడినచో రాగిగుండు వేటకును, వంటయింటికిని మేలైనది.

గాయపడి తప్పించుకొన్న మృగముతో కథ ముగియదనుటకు ఒక్క నిదర్శనము చాలును. 1907లో కుమావూన్ సీమలో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి అప్పటికే 400 మందికి పైగా మనుష్యులను బలిగొన్నది. చచ్చిన పులిని పరీక్షింపగా కుడివైపు కోరలు రెండును విరిగియుండెను. అది పూర్వమెన్నడో తగిలిన తుపాకిదెబ్బ ఫలితమనియు, ఆ కారణముననే అది సహజమైన ఆహారము వేటాడలేక మనుష్యులపై బడినదనియు కార్బెట్ వ్రాసెను. ఎవరో పేల్చిన ఒక అరకొర దెబ్బకు వందల ఇండ్లు వెల చెల్లించినవి.

కాబట్టి అనుమతితో తుపాకి పట్టువారికి మా మనవి యిది. అభ్యాసమునకు ఏ గుండునైనను వాడుడు. వేటకు వెడలుటకు ముందు మాత్రము ఆ వేటకై ఎంచుకొన్న గుండుతోనే గురి సరిచూచుకొనుడు. గుండు మారిన తగులు చోటు మారును. మృగము స్పష్టముగా కనబడనిదే, దాని వెనుక ఏమున్నదో తెలియనిదే మీట నొక్కకుడు. దెబ్బ తిన్న మృగమును వెదకి ముగించువరకు ఇల్లు చేరకుడు. గురిపోటీలో గుండు తప్పిన పోవునది బహుమతి మాత్రమే. అడవిలో గుండు విఫలమైన, దాని బాధ నోరులేని ప్రాణి అనుభవించును. ఆపైన ఆ త్రోవన నడచు మనుష్యులు అనుభవింతురు. గుండు నెన్నుకొనువాడు ఆ యిద్దరిని తలచి ఎన్నుకొనవలెనని చెప్పి సెలవు తీసికొనుచున్నాము.