వయసు మళ్ళిన ఆటగాని వెల



మన గ్రామములనుండి అమెరికాదేశమునకు పోయి స్థిరపడినవారు నేడు అనేకులు. వారి పిల్లలు అక్కడి బడులలో చదువుచు, అక్కడి ఆటలు చూచుచు పెరుగుచున్నారు. సెలవులకు వచ్చిన మనుమడు తన అభిమానపు జట్టును గూర్చి ఉత్సాహముతో చెప్పుచుండగా, తాతగారు తల యూపుటయే గాని మాట కలుపలేని ఇండ్లు పెక్కు గలవు. అందుచేత నేడు ఆ దేశపు ఫుట్‌బాల్ ఆటలో జరిగిన యొక బేరమును గూర్చియు, దానిపై అభిమానులు సలిపిన వాదమును గూర్చియు ముచ్చటింపదలచితిని. ఆట పరదేశపుదే యైనను, అందలి తగవు మీకు క్రొత్తది గాదు. పనిచేసి పేరు గడించినవాడు వయసు మళ్ళిన పిమ్మట ఎంత వెల చేయునన్నదే ఆ తగవు.

ముందు ఆటను గూర్చి నాలుగు మాటలు. మన మెరిగిన ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నుదురు. అమెరికా ఫుట్‌బాల్ దానికి భిన్నము. బంతి గుండ్రముగా నుండదు. రెండు కొనలును సన్నగా నుండును. పక్షమునకు 11 మంది. ఒక గోల్ గీతనుండి మఱియొక గోల్ గీతకు 100 గజములు. బంతి చేతనున్న పక్షము 4 యత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. సాగినచో మరల 4 యత్నములు లభించును. సాగలేనిచో బంతి ఎదుటివారిదగును. బంతితో ఎదుటివారి తుదిగీతను చేరుటకు టచ్‌డౌన్ అని పేరు. దానికి 6 పాయింట్లు. బంతిని విసరువాడు క్వార్టర్‌బ్యాక్. ముందుకు పరుగెత్తి, ఆ బంతిని గాలిలోనే అందుకొనువాడు రిసీవరు. రిసీవరునకు కాలివేగమే ప్రాణము. ఒక్క అడుగు వెనుకబడినచో ఎదుటిపక్షపు కాపరి వచ్చి బంతిని తట్టివేయును. కావుననే ఈ యాటలో 30 ఏండ్లు నిండిన రిసీవరును వయసు మళ్ళినవానిగా ఎంచుదురు. అరువది యేండ్లు దాటియు మేడి విడువని మీకు ఇది నవ్వు పుట్టింపవచ్చును. గాని ఆ యాట ధర్మ మట్టిది.

ఆటగాండ్రను సంపాదించు విధానముకూడ తెలియవలెను. అక్కడి జాతీయ ఫుట్‌బాల్ లీగులో 32 జట్లు గలవు. ఏటేట ఏప్రిల్ మాసమున ఈ జట్లు కళాశాలలనుండి వచ్చు యువకులను వంతులవారీగా ఏరుకొనును. కడచిన యేడు మిక్కిలి ఓడిన జట్టుకు మొదటి వంతు. గెలిచిన జట్టుకు కడపటి వంతు. ఇట్లు 7 చుట్లు సాగును. మొదటి చుట్టులో మేలిగింజలు దొరకును. పోను పోను తాలు హెచ్చగును. ఈ వంతును జట్లు సొమ్మువలె మార్చుకొనవచ్చును. వచ్చెడి యేటి వంతు నిచ్చి, నేడు పనికివచ్చు ఆటగానిని తెచ్చుకొనవచ్చును. కాలువక్రింది రైతు తన రాబోవు నీటివంతును పొరుగువానికి వదలి, నేటి దుక్కికి ఎద్దును తెచ్చుకొన్నట్టి బేరమిది.

ఇక కథకు వత్తము. బోస్టన్ నగరమునకు సమీపమున ఫాక్స్‌బరో అను ఊర న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అను జట్టు గలదు. అప్పట్లో బిల్ బెలిచిక్ దానికి శిక్షకుడుగా నుండెను. టామ్ బ్రేడీ క్వార్టర్‌బ్యాక్‌గా నుండెను. ఆ యిరువురి కాలమున అది 2001, 2003, 2004 సంవత్సరముల పోటీలలో సూపర్ బౌల్ అను తుదిపందెమును గెలిచినది. 2006లో జీతపు తగవు వచ్చి, డియన్ బ్రాంచ్ అను తన మేటి రిసీవరును సియాటిల్ జట్టున కిచ్చి, మొదటిచుట్టు వంతును పుచ్చుకొన్నది. దాని ఫలము వెంటనే కానవచ్చినది. 2007 జనవరి 21న ఇండియనాపొలిస్ జట్టుతో ఆడిన పందెమున 21–3తో ముందుండియు, 38–34తో ఓడిపోయినది. విసరువాడు మేటియే గాని అందుకొనువారు చాలరని అభిమానులు వాపోయిరి. 2007 ఏప్రిల్ 29న ఆ జట్టు తన నాలుగవచుట్టు వంతు నొకదానిని ఓక్లండ్ జట్టున కిచ్చి, 30 ఏండ్లు నిండిన రాండీ మాస్ అను రిసీవరును తెచ్చుకొన్నది.

అంతట రేడియోలలోను, క్షౌరశాలలలోను, పనిచేయు చోట్లను వాదములు చెలరేగినవి. జట్టులో ఈ వాదించువారికి వాటా లేదు. బేరములో వారి సమ్మతి నెవ్వరు నడుగరు. అయినను టిక్కెట్టు కొని, మంచులో కూర్చుండి చూచువారు వారే గనుక మాటకు హక్కు గలదని వారి నమ్మకము.

వలదన్నవారి మాట యిది. మాస్ ఒకప్పుడు మేటియే. 1998లో మిన్నెసోటా జట్టున చేరిన మొదటి యేడే 17 టచ్‌డౌనులు చేసినాడు. 2003లో 111 బంతు లందుకొని 1,632 గజములు సాధించినాడు. కాని 2006లో 42 బంతులు, 553 గజములు, 3 టచ్‌డౌనులు మాత్రమే. కాళ్ళు బరువైనవి. నడవడి యేమందము? తనకు మనసైననాడే ఆడుదునను అర్థమువచ్చునట్లు 2001లో పలికినాడు. 2005 జనవరిలో వాషింగ్టన్ జట్టుతో ఆడిన ఆట ముగియుటకు ఇంకను 2 సెకనులుండగనే మైదానము విడిచి పోయినాడు. క్రమశిక్షణకు పేరుపడిన జట్టులోనికి ఇట్టివానిని తెచ్చుట, అణకువగల మందలోనికి పొగరు గిత్తను తోలుటయే గదా యని వారు వాదించిరి.

కావలెనన్నవారి మాట వేఱు. ఓక్లండ్ జట్టు ఆ 2006లో 16 ఆటలలో 2 మాత్రమే గెలిచి, మొత్తము 168 పాయింట్లతో లీగున కడపటిదై నిలిచినది. విసరువాడు సరిగా విసరనిదే అందుకొనువాడేమి చేయును? ఇరుసు విరిగిన బండికి కట్టి, ఎద్దు నడువలేదనుట న్యాయమా? అని వారడిగిరి. వెలను గూర్చియు వారు చెప్పిరి. 2005లో ఓక్లండ్‌వారు ఇతనికొఱకు మొదటిచుట్టులోని 7వ వంతును, ఒక ఆటగానిని, చివరిచుట్టు వంతొకదానిని ఇచ్చిరి. రెండేండ్లకే అది నాలుగవచుట్టు వంతుకు దిగినది. ఆ చుట్టున దొరకు యువకుడు నిలుచునో నిలువడో ఎవరికి తెలియును? పేరైన తెలియని ఆ కుఱ్ఱవానికొఱకు విలపించుట, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు లేదా? అనిరి. పైగా మాస్ తనకు రావలసిన జీతములో ఎక్కువభాగము వదలుకొని, ఒక్క యేటి ఒడంబడికకు సమ్మతించి వచ్చినాడు. తన్ను తాను తగ్గించుకొని వచ్చినవాడు పనిచేయుటకే వచ్చినాడు గదా యని వారి తర్కము.

ఈ వాదమున నాకు ముఖ్యముగా తోచు విషయ మొకటి గలదు. ఇరుపక్షములును ఒకే అంకెలు చూచిరి. 42 బంతులన్న అంకె ఒకరికి ముసలితనముగా కనబడెను. ఒకరికి చెడ్డబండిగా కనబడెను. అంకె జరిగినదానిని చెప్పును గాని, ఎందుకు జరిగినదో చెప్పదు.

జరిగినది వినుడు. 2007లో మాస్ 98 బంతు లందుకొని, 1,493 గజములు సాధించి, 23 టచ్‌డౌనులు చేసెను. ఒక్క యేట రిసీవరు లెవ్వరును అన్ని టచ్‌డౌనులు చేసియుండలేదు. అంతకుముందు 1987లో జెర్రీ రైస్ చేసిన 22 మేలుబంతి. రైస్ వానిని 12 ఆటలలోనే చేసినాడని కొందఱు మరల వాదించిరి, అదియు నిజమే. పేట్రియట్స్ 16 ఆటలకు 16 గెలిచిరి. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యైనది.

అయినను కథ అంతటితో ముగియలేదు. 2008 ఫిబ్రవరి 3న అరిజోనా రాష్ట్రములోని గ్లెండేల్‌లో న్యూయార్క్ జెయింట్స్ జట్టుతో తుదిపందెము. ఆట ముగియుటకు 2 నిమిషముల 42 సెకనులుండగా మాస్ బంతి నందుకొని టచ్‌డౌన్ చేసెను. పేట్రియట్స్ 14–10తో ముందునకు వచ్చిరి. 35 సెకనులు మిగిలియుండగా జెయింట్స్ తిరిగి టచ్‌డౌన్ చేసిరి. తుదకు 17–14. ఏడాది పొడవున ఓటమి యెరుగనివారు ఆ యొక్క సాయంకాలము ఓడిరి. అంతట, చూచితిరా, అతడు వచ్చియు కప్పు రాలేదు గదా యనువారు బయలుదేరిరి. కోతనాడు తుపాను వచ్చినంతమాత్రమున విత్తనము చెడ్డదనరాదు. బేరమును బేరమాడిననాటి ఎఱుకతో తూచవలెను గాని, కడపటి 35 సెకనులతో తూచరాదు.

ఇంకొక విశేషము. 2010లో మాస్‌కు 33 ఏండ్లు. క్రొత్త ఒడంబడిక లేదని అసంతృప్తి వెల్లడించెను. అక్టోబరు 6న పేట్రియట్స్ అతనిని తిరిగి మిన్నెసోటాకే ఇచ్చి, మూడవచుట్టు వంతును పుచ్చుకొనిరి. నాలుగవచుట్టు వెలకు కొని, మూడేండ్లు పని చేయించుకొని, మూడవచుట్టు వెలకు విడిచిరన్నమాట! మిన్నెసోటా అభిమానులు తమ పాతవీరుడు తిరిగివచ్చెనని సంబరపడిరి. నాలుగు ఆటలు గడువగనే ఆ జట్టు అతనిని వదలివేసెను. అదే నెలలో పేట్రియట్స్ తాము 2006లో మొదటిచుట్టు వంతునకు ఇచ్చివేసిన బ్రాంచ్‌ను నాలుగవచుట్టు వంతునకు మరల తెచ్చుకొనిరి. అతనికి అప్పుడు 31 ఏండ్లు; అతడు చక్కగా పనిచేసెను.

ఇంత నేర్పుగల జట్టు ఎల్లప్పుడు గెలిచెనని తలపవలదు. 2019 అక్టోబరులో అట్లాంటా జట్టుకు రెండవచుట్టు వంతు నిచ్చి మహమ్మద్ సాను అను 30 ఏండ్ల రిసీవరును తెచ్చిరి. చీలమండకు దెబ్బ తగిలెను. ఆ యేట 8 ఆటలలో 26 బంతులు, 207 గజములు, 1 టచ్‌డౌన్. 2020 సెప్టెంబరులో అతనిని విడిచివేసిరి. మాస్ వయసును, సాను వయసును దాదాపు ఒకటే, కొన్న జట్టొకటే, శిక్షకు డొకడే. వెల మాత్రము రెండు మెట్లు హెచ్చు. మాస్ విఫలుడై యున్నను పోవునది స్వల్పము. సాను దెబ్బతినగా పోయినది అధికము.

కావున ఇట్టి బేరమున అడుగవలసిన ప్రశ్నలు మూడు. ఇతని తగ్గుదల ఇతనిదా, ఇతని నుంచిన చోటుదా? ఇతనివలన మనకు తీరవలసిన కొఱత నిజముగా గలదా? ఇతడు విఫలుడైనచో మనము భరింపగల వెలయేనా? వయసెంత యన్నది ఈ మూటి తరువాత. కేవలము ఏండ్లు లెక్కించి త్రోసివేయువాడును, కేవలము పాతపేరు విని ఎగబడువాడును ఒకే విధముగా మోసపోవుదురు. మిన్నెసోటావారు 2010లో పాతపేరునకు వెల యిచ్చిరి. ఓక్లండ్‌వారు 2007లో తమ బండిలోని లోపమును చూడక మనిషిని అమ్ముకొనిరి.

ఎద్దు, బండి యని నేను పోల్చితిని గాని ఆ పోలిక కొంతవఱకే. ఎద్దు తన మేతను తగ్గించుకొని మంచి రైతును వెదకుకొని పోదు. మాస్ ఆ పని చేసెను. ఇంకను తనలో సత్తువ గలదని లోకమునకు చూపవలెనన్న పట్టుదలయే 30 ఏండ్లు నిండినవానికి 23 టచ్‌డౌనుల బలమిచ్చినదని నా నమ్మకము. 2018లో అతనిని ఆ యాటలోని మహావీరుల మందిరమగు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిరి.

గ్రామమున పెద్దలైన మీరును ఇట్టి తీర్పులు చెప్పుచునేయుందురు. పాత పాలేరును ఉంచవలెనా, నెరసిన పంతులుగారిని కొనసాగింపవలెనా యను మాటలు మీ యెదుటికే వచ్చును. అట్టివేళ వాని తల నెరపును చూచుటకు ముందు, వానికి మన మిచ్చిన పనిముట్టు ఎట్టిదో ఒక్కసారి చూడుడు.