ఇంట్లో చెమ్మ ఎక్కడిది?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం చూడ్డానికి చాలా చిన్నది. చలికాలంలో తెల్లవారేసరికి కిటికీ అద్దాలకు లోపలివైపు నీరు పడుతుంది. రేకుల ఇళ్లలో పడుకున్నవాళ్ల మీద పైనుంచి చుక్కలు రాలుతాయి. గోడ మూలల్లో, బీరువా వెనకాల నల్లగా బూజు కడుతుంది. ఇదేమంత సంగతి, గుడ్డతో తుడిస్తే పోతుంది కదా అనిపించవచ్చు. కాని దీనివల్ల డబ్బు వృథా అవుతున్నది, పిల్లల ఆరోగ్యం పాడవుతున్నది, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది. అందుకే నాలుగు మాటలు మనవి చేయదలిచాను.

మన కృష్ణదేవిపేట మన్యం కొండల మొదట్లో ఉన్నది. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరుగా మన ఊరు అందరికీ తెలుసు. చలికి పేరుబడిన లంబసింగి మనకు దూరమేమీ కాదు. సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. చలిరోజుల్లో ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందట. మన దగ్గర అంత చలి లేకపోయినా డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి, తెల్లవారి మంచు మనకూ తప్పవు.

ఈ నీరు ఎలా వస్తుందో ముందు చూద్దాం. గాలిలో ఎప్పుడూ కంటికి కనపడని నీటి ఆవిరి ఉంటుంది. గాలి వెచ్చగా ఉంటే ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, చల్లబడితే ఆ శక్తి తగ్గిపోతుంది. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల వేడిలో సుమారు 30 గ్రాముల ఆవిరిని ఉంచుకోగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములు మాత్రమే. మిగిలినది ఏ చల్లని వస్తువు తగిలితే దాని మీద నీరై కూర్చుంటుంది. ఐసునీళ్ల గ్లాసుకు బయట చెమట పట్టినట్టే అద్దానికీ, రేకుకూ పడుతుంది.

రేకు సంగతి ఇంకొంచెం చెప్పాలి. మబ్బులేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడిపోతుంది. గడ్డిమీద మంచు పట్టడానికి కారణం ఇదేనని 1814లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు లండనులో ఒక పుస్తకం రాసి వివరించాడు. కాబట్టి ఆకాశంలో మబ్బు తునక లేని రోజునే రేకు ఎక్కువ కారుతుంది. ఈ సంగతి తెలియక రేకుకు కన్నం పడిందనుకుని, బోల్టులు మార్పించి, తారు పూయించి వేలు ఖర్చు పెడుతున్నవారున్నారు. మరుసటి రాత్రి మళ్లీ చుక్కలు తప్పవు. వానలో కారితే అది కన్నం. వాన లేకుండా తెల్లవారుజామున కారితే అది మన ఇంట్లోని ఆవిరే.

మరి అంత ఆవిరి ఇంట్లోకి ఎక్కడినుంచి వస్తున్నది? మన దగ్గరనుంచే. నిద్రపోతున్న మనిషి శ్వాస వల్ల, ఒంటి చెమ్మ వల్ల గంటకు సుమారు 40 గ్రాముల నీరు గాలిలో కలుస్తుంది. ఒకే గదిలో అయిదుగురు ఎనిమిది గంటలు పడుకుంటే ఒకటిన్నర లీటర్లకు పైనే అయింది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలి, 25 డిగ్రీల వేడిలో కూడా, మొత్తం మీద ముప్పావు లీటరు నీటికి మించి మోయలేదు. మిగిలినదానికి దారి కావాలి కదా! ఇక వంట చూడండి. ఒక కిలో గ్యాసు మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అనగా 14.2 కిలోల సిలిండరు ఒకటి అయిపోయేసరికి 22 లీటర్లకు పైగా నీరు మన వంటింటి గాలిలో కలిసింది. అన్నం గిన్నెనుంచి లేచే ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తడి దీనికి అదనం.

మన పెద్దల కాలంలో ఈ బాధ ఇంతగా లేదు. తాటాకు కప్పు రాత్రి అంతగా చల్లబడదు. పెంకుల సందుల్లోంచి ఆవిరి బయటికి పోయేది. సున్నం కొట్టిన గోడ కొంత చెమ్మ పీల్చి మళ్లీ వదిలేది, సున్నానికి బూజు త్వరగా పట్టదు కూడా. ఇప్పుడు రేకులూ శ్లాబులూ వచ్చాయి. సందులన్నీ సిమెంటుతో మూసేశాము. ప్లాస్టిక్ పెయింట్లు, అద్దాల తలుపులు పెట్టుకున్నాము. ఇల్లు గట్టిపడింది గాని ఆవిరికి దారి లేకుండా పోయింది.

గోడ చెమ్మ విషయంలో ఖర్చు పెట్టేముందు ఒక పరీక్ష చేసుకోండి. జానెడు ప్లాస్టిక్ కాగితం గోడకు పెట్టి నాలుగు వైపులా టేపు అంటించి రెండు రోజులు ఉంచండి. గది వైపు తడి కనిపిస్తే అది గాలిలోని ఆవిరి. గోడ వైపు తడి ఉంటే పునాదినుంచో, పైపునుంచో నీరు ఎక్కుతున్నదన్నమాట. దానికి మేస్త్రీని పిలవవలసిందే.

ఆవిరికి మందు మన చేతిలోనే ఉన్నది. గిన్నెలకు మూతలు పెట్టి వండండి. వంటయ్యేవరకూ, అయ్యాక మరికొంతసేపూ వంటింటి కిటికీ తీసి ఉంచండి, మధ్య తలుపు దగ్గరగా వేయండి. బట్టలు వసారాలో ఆరేయండి. పడకగదిలో పైన ఒక చిన్న కంత రాత్రంతా తెరిచి ఉండాలి. బీరువాలు, పరుపులు గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా జరపండి. పొద్దున్నే అద్దం తుడిచి ఆ గుడ్డను బయట పిండండి.

కొందరు అక్కచెల్లెళ్లు, "భాయ్, బయట అంత మంచు ఉంటే కిటికీ తీస్తే చెమ్మ లోపలికి రాదా?" అని అడుగుతారు. మంచు కాస్త విడిచాక ఎదురెదురు కిటికీలు పావుగంట తీయండి. చల్లని గాలిలో ఆవిరి తక్కువే. అది లోపలికొచ్చి వెచ్చబడిందంటే ఇంట్లోని చెమ్మను పీల్చుకుంటుంది. వానాకాలం మాత్రం వేరు. అప్పుడు బయటి గాలే చెమ్మగా ఉంటుంది కాబట్టి వాన వెలిసినప్పుడు తీసి, మిగతా సమయంలో ఫ్యాను తిప్పుకోవాలి. ఏసీ గదిలో అద్దానికి బయటివైపు నీరు పడితే కంగారు అక్కరలేదు. చల్లదనం 25, 26 డిగ్రీలకు పెట్టుకుంటే తగ్గుతుంది.

రేకుల ఇంటివారు గోడకూ రేకుకూ మధ్య సందును మూసేయకుండా జాలీ కొట్టించుకోండి. ఎండాకాలంలో రేకుల మీద వేసిన తాటాకును చలికాలమూ ఉంచితే రేకు అంత చల్లబడదు. అయితే పొయ్యి దగ్గర నిప్పురవ్వలతో జాగ్రత్త. చుక్కలు స్విచ్చిబోర్డు మీద పడుతుంటే మెయిన్ ఆపి, పని తెలిసినవానికి చూపించండి.

బూజును తేలికగా తీసుకోవద్దు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస బాధలు ఎక్కువని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు వెలువరించింది. పసిపిల్లల పక్క ఆ గోడవైపు వేయకండి. బూజును పొడిగా దులపకుండా సబ్బునీళ్ల గుడ్డతో తుడవాలి. బ్లీచింగులో బాత్రూము యాసిడ్ ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది. ఆస్‌బెస్టాస్ రేకును గీకడం, రుద్దడం అసలే వద్దు, దాని నూగు ఊపిరితిత్తులకు చేటు.

చివరి మాట, అన్నిటికంటే ముఖ్యమైనది. చలికీ, చెమ్మకూ తట్టుకోలేక కొందరు తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటారు. బొగ్గులనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, తరవాత మగత. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులూ తెలియవు, అలాగే ప్రాణం పోతుంది. పడుకునే గదిలో కుంపటి వద్దు. దుప్పటి ఇంకొకటి కప్పుకోండి. ఎవరైనా అలా మగతగా కనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి తెచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారికీ, సంఘం సాయంతో గది వేయించుకునే పేద కుటుంబాలకూ నా మనవి ఒక్కటే. ప్రతి గదికీ పైన జాలీ కంత ఒకటి, ఎదురుగా ఇంకొకటి మేస్త్రీ చేత అడిగి పెట్టించుకోండి. కట్టేటప్పుడు దానికయ్యే ఖర్చు స్వల్పం. మన ఇంట్లో పుట్టిన ఆవిరికి దారి మనమే చూపాలి. లేకపోతే అది మన పిల్లల పక్కలమీదనే దిగుతుంది.