కడుపుతో ఉన్న మనిషి ఆఖరున తినాలా?

(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కడుపుతో ఉన్న ఆడదానికి మన ఊళ్లలో చెప్పే మాటలు మీకు తెలియనివి కావు. ‘ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుంది’, ‘గుడ్డు వేడి’, ‘ఫలానా కూర పడదు’. ఇవన్నీ తీసేస్తే ఆమె కంచంలో మిగిలేది తెల్లన్నం, పచ్చడి, నీళ్ల చారు. అదీ మగవాళ్లు, పిల్లలు తిన్న తర్వాత.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత. 7 కన్నా తగ్గితే ప్రాణాపాయం. కాన్పులో ఎవరికైనా రక్తం పోతుంది. ఒంట్లో రక్తమున్న మనిషి దాన్ని తట్టుకుంటుంది, లేని మనిషి తట్టుకోలేదు. నెలలు నిండకుండా కాన్పు కావడం, బరువు తక్కువ బిడ్డ పుట్టడం కూడా ఇలాంటి తల్లులకే ఎక్కువ. అప్పుడు అందరూ ‘దాని రాత’ అంటారు. ఆ రాత రాసింది ఎవరు?

ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు వేసుకోవాలి. కాన్పయ్యాక మరో 180 రోజులు. టీతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకోకూడదు. నిమ్మ, జామ, ఉసిరి తింటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. విరేచనం నల్లగా అయితే భయపడనక్కరలేదని ముందే చెప్పండి, లేకుంటే మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి. ఆకుకూర, పప్పు, రాగులు, గుడ్డు రోజూ అందాలి. కానీ ముఖం వాచినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా ‘ఉప్పు మానెయ్’ అని సరిపెట్టకండి. అది గుర్రపువాతానికి ముందు కనిపించే సూచన కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపోటు చూపించాలి.

సలహాలతోనే కంచం నిండదు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి, కాన్పయ్యాక ఆరు నెలల వరకు బాలింతకు, అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం, 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయం హక్కుగా ఇచ్చింది. 2015లో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో అన్నం, పప్పు, గుడ్డు, పాలు అక్కడే కూర్చోబెట్టి పెట్టాలన్నారు. ఇంటికి తెస్తే పదిమందికీ పంచాల్సి వస్తుంది కాబట్టి అది మంచి ఆలోచన. కానీ కూలికి పోయే ఆమె మధ్యాహ్నం భోజనానికి వస్తే ఆ పూట కూలి ఎవరిస్తారు?

ప్రసూతి సాయం మాట చూడండి. 2017 నాటి కేంద్ర పథకం మొదటి కాన్పుకు 5,000 రూపాయలతో ఆపింది. 2022 నుంచి రెండో కాన్పుకూ ఇస్తున్నారు, ఆడపిల్ల పుడితేనే. రెండోసారి మగపిల్లవాణ్ణి మోసిన తల్లికి ఆకలి వేయదా?

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ‘బాగున్నావా అమ్మా’ అని అడిగి వచ్చేయకండి. ‘నిన్న ఏం తిన్నావు? ఎవరి తర్వాత తిన్నావు?’ అని అడగండి. అదే ప్రశ్న ఆమె అత్త ముందు, భర్త ముందు, గ్రామసభ ముందు కూడా పెట్టండి.